వీధిన పడ్డ గుర్రాన్ని కొని కాపాడాలా, విరాళం ఇవ్వాలా, సేవకు వెళ్లాలా?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ శివారులోని మీ కాలనీలో ఆషాఢం మొదలైనప్పటి నుంచి ఒక తెల్ల గుర్రం చెత్తకుండీల దగ్గర తిరుగుతోంది. దాని ఎముకలు బయటపడ్డాయి, ముందు కుడికాలు కుంటుతోంది. ఆరా తీస్తే అది పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రమని తెలిసింది, 25,000 రూపాయలు ఇస్తే వదులుకుంటానని యజమాని అన్నాడు. మీరు నలుగురు స్నేహితులు 60,000 పోగు చేశారు, డాలస్‌లో ఉన్న మరో స్నేహితుడు ఇంకొంత పంపుతానన్నాడు. దాన్ని కొని ఏదైనా సంరక్షణశాలకు అప్పగించి, ఆదివారాలు అక్కడికి వెళ్లి సేవ చేయాలని మీ ఆలోచన. ఇది సరైన దారేనా అని అడిగారు.

సూటిగా చెబుతున్నాను. గుర్రాన్ని కొనకండి. యజమాని చేత రాతపూర్వకంగా, ఉచితంగా అప్పగింపజేయండి. మీ దగ్గరున్న డబ్బును ఒకేసారి ఇచ్చేయకుండా, ఆ గుర్రం పోషణకు నెలనెలా ఇంత అని కనీసం రెండు మూడేళ్లకు మాట ఇవ్వండి. సేవకు ఆదివారం కాకుండా వారం మధ్యలో ఒక పూట ఎంచుకుని, ఆ పూట తప్పకుండా వెళ్లండి.

నేను పశువైద్యుణ్ణి. పద్నాలుగేళ్లుగా నగరానికి దూరంగా ఉన్న ఒక చిన్న గుర్రాల సంరక్షణశాలకు వారానికి రెండు రోజులు వెళ్లి చూస్తున్నాను. అక్కడికి వచ్చేవాటిలో బరాత్ (పెళ్లి ఊరేగింపు) గుర్రాలు ఎక్కువ, రేసుల నుంచి తప్పించినవి కొన్ని, బగ్గీలు లాగినవి మరికొన్ని. కింద రాసినదంతా అక్కడ చూసినదీ, కొంత చేతులు కాల్చుకుని నేర్చుకున్నదీ.

కొనవద్దని ఎందుకంటున్నానో ముందు చెప్పాలి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మూఢం వస్తే అంతే. ఆ రోజుల్లో బరాత్ గుర్రానికి రూపాయి రాబడి ఉండదు, మేత ఖర్చు మాత్రం ఆగదు. అందుకే చాలామంది యజమానులు రాత్రిపూట తాడు విప్పి రోడ్డు మీదికి వదిలేస్తారు, శ్రావణం రాగానే వెతికి పట్టుకుంటారు. అంటే మీకు అనాథలా కనిపించే గుర్రానికి చాలాసార్లు యజమాని ఉంటాడు. అడగకుండా లారీ ఎక్కిస్తే అది దొంగతనం కేసు అయ్యే ప్రమాదం ఉంది. డబ్బు ఇచ్చి కొంటే అదే డబ్బుతో అతను మరో గుర్రాన్ని తెస్తాడు. మొదటి రెండేళ్లలో నేను కూడా చందాలు వేసి మూడు గుర్రాలను కొనిపించాను. మూడోదాన్ని అమ్మిన మనిషే, ఆ డబ్బుతో కొన్న గుర్రాన్ని మరుసటి ఆషాఢంలో మా గేటుకు కట్టేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొనడం మానేశాం.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరమే. అయితే మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు మాత్రమే, ఈ సంగతి యజమానులకు మనకంటే బాగా తెలుసు. గుర్రాన్ని చంపినా, అంగవైకల్యం కలిగించినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు గానీ, పస్తు పెట్టిన ప్రతి కేసూ దాని కిందికి రాదు. నా అనుభవంలో యజమానిని నిజంగా ఆలోచనలో పడేసేది 2017లో వచ్చిన కేసు సొత్తు జంతువుల పోషణ నియమాలు. వాటి ప్రకారం, స్వాధీనం చేసుకున్న జంతువును కేసు తేలేదాకా సంరక్షణశాలలో ఉంచితే, ఆ ఖర్చు యజమాని మీద పడుతుంది. ఈ మాట నెమ్మదిగా, గొడవ పడకుండా చెప్పి చూడండి. పాతిక వేలు అడిగిన మనిషి సగం సందర్భాల్లో ఊరికే అప్పగించడానికి ఒప్పుకుంటాడు. అప్పగింత పత్రంలో గుర్రం రంగు, గుర్తులు, అందాజా వయసు రాసి, అతని సంతకం, గుర్తింపు కార్డు నకలు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి.

అందరు యజమానులూ క్రూరులని మాత్రం అనుకోకండి. కొందరు తాము పస్తుండి గుర్రానికి పెడతారు. అలాంటివారి దగ్గర గుర్రాన్ని ఉంచి, ఆఫ్‌సీజన్‌లో రెండు నెలల మేత, నాడాల ఖర్చు మీరు పెట్టుకుంటే, అది సంరక్షణశాలలో ఒక చోటు మిగిల్చినట్టే. బదులుగా ఒక షరతు పెట్టండి. ముళ్లున్న కళ్లెం తీసేయాలి. 1965 నాటి బరువులు లాగే, మోసే జంతువుల నియమాల ప్రకారం అది ఎలాగూ నిషిద్ధం. బరాత్‌లో బ్యాండు మోతకు గుర్రం బెదరకుండా చాలామంది ఇప్పటికీ అదే వాడుతున్నారు. అలా వాడిన గుర్రాల నాలుకలు అడ్డంగా తెగి అతుక్కున్న మచ్చలతో ఉండటం నేను చూశాను.

ఇక డబ్బు విషయం. గుర్రం జీవితకాలం పాతిక, ముప్పై ఏళ్లు. మీరు చూసిన గుర్రానికి పదేళ్లు ఉన్నాయనుకుందాం. ఇంకో పదిహేనేళ్లు దాన్ని ఎవరో ఒకరు పోషించాలి. 350 కిలోల గుర్రానికి బరువులో రెండు శాతం లెక్కన రోజుకు ఏడు కిలోల ఎండుమేత కావాలి. అంటే ఏడాదికి రెండున్నర టన్నులు, పదిహేనేళ్లకు ముప్పై ఎనిమిది టన్నులు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించాలి, అంటే దాని జీవితంలో మిగిలిన కాలానికి దాదాపు నూరు నుంచి నూట ముప్పై సార్లు. ఏడాదికోసారి పళ్ల పదును అంచులను ఆకురాయితో అరగదీయించాలి, పేగుల్లో పురుగులకు మందు వేయాలి, ధనుర్వాతం టీకా వేయాలి. వీటిలో ఏదీ ఫొటోకు పనికిరాదు. గుర్రాన్ని లారీ దించే రోజున విరాళాలు కుప్పలుగా వస్తాయి, నాలుగో నెలలో గడ్డివాడు బాకీ అడిగేటప్పుడు ఎవరూ కనబడరు.

మా దగ్గరకు ప్రతి నెలా అయిదో తారీఖున 500 రూపాయలు పంపే ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు ఉన్నారు. తొమ్మిదేళ్లలో ఒక్క నెల తప్పలేదు. లక్ష రూపాయలు ఒకేసారి ఇచ్చి, గేటు మీద పేరు రాయించుకుని మళ్లీ రానివారికంటే ఆమె వల్లే మాకు ఎక్కువ మేలు జరిగింది. ఆమె డబ్బు వస్తుందని తెలుసు కాబట్టి గిట్టలు చెక్కే నాలబందుకు ముందే తేదీ చెప్పగలుగుతున్నాం. మీ 60,000 కూడా అలాగే వాడండి. అందులో పదివేలు మొదటి నెల వైద్యానికి ఉంచి, మిగిలిన యాభై వేలను నెలకు రెండు వేల చొప్పున పంచితే రెండేళ్లకు పైగా వస్తుంది. ఈలోగా మరో ఇద్దరిని చేర్చుకోవచ్చు.

దాణా బస్తాలు కొని తీసుకెళ్లకండి. ఈ విషయంలో కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గుర్రాలను ప్రేమించేవాళ్ల చేతుల మీదుగానే ఇక్కడ ఎక్కువ నష్టం జరుగుతుంది. కోళ్ల దాణాలోనూ, కొన్ని పశువుల దాణాల్లోనూ మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోళ్లకూ పశువులకూ మేలు చేసే ఆ మోతాదే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపగలదు. ఒక దాత ఎంతో మంచి మనసుతో పన్నెండు బస్తాల కోళ్ల దాణా దింపి వెళ్తే, చదువు పెద్దగా లేని మా సాయీసు (గుర్రాలను చూసుకునే పనివాడు) బస్తా మీద కోడిపుంజు బొమ్మ చూసి అనుమానించి పక్కన పెట్టాడు. ఆ బొమ్మే లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో ఊహించడం నాకు ఇప్పటికీ కష్టం. తోట కత్తిరించిన ఆకులు, గడ్డి కోత మిషన్ తుక్కు కూడా తేకూడదు. అందులో గన్నేరు రెమ్మలు కొన్ని కలిసినా చాలు, ప్రాణాపాయమే. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి వెళ్లింది వెనక్కి రాదు.

తవుడు, సూపర్ నేపియర్ అనే పచ్చిగడ్డి సంగతి వేరు. అవి విషం కాదు గానీ, వాటినే ప్రధాన మేతగా పెడితే ఎముకలు దెబ్బతింటాయి. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, నేపియర్‌లోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. ఆ లోటు తీర్చుకోవడానికి శరీరం ఎముకల్లోని కాల్షియంను లాగేస్తుంది, కొన్ని నెలల్లో దవడలు ఉబ్బి, కాళ్లు కుంటుతాయి. కారణం తెలియక వాతం అనుకుని మందులు వాడుతుంటారు. వరిగడ్డి ఒక్కటే పెడితే పేగుల్లో గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. ఇన్ని చిక్కులు ఉన్నాయి కాబట్టే, సంరక్షణశాలవారు ఏ మేత, ఏ దుకాణం నుంచి తెస్తున్నారో అడిగి, ఆ దుకాణదారుకే నేరుగా డబ్బు కట్టండి.

చిక్కిపోయిన గుర్రానికి మొదటి పది రోజులు ఎలా మేపాలన్నది ప్రాణం మీది విషయం. ఏడేళ్ల కిందట జూలైలో మా దగ్గరికి ఒక తెల్ల గుర్రం వచ్చింది, మీరు వర్ణించినదానిలాంటిదే. వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. తోకకు రెండు పక్కలా గుంటలు. కొత్తగా వచ్చిన ఒక సేవకుడు జాలిపడి, నేను వెళ్లిపోయాక, బకెట్ నిండా ఉడికించిన ఉలవల్లో బెల్లం కలిపి పెట్టాడు. అది ఆబగా తినడం చూసి మరునాడు కూడా పెట్టాడు. మూడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి గుర్రం గోడకు ఆనుకుని వణుకుతోంది, శ్వాస వేగంగా ఉంది, పెదవి ఎత్తి చిగురు నొక్కి వదిలితే రెండు క్షణాల్లో తిరిగి రావాల్సిన ఎరుపు అయిదు లెక్కపెట్టినా రావడం లేదు. మధ్యాహ్నానికి కూలింది, మళ్లీ లేవలేదు. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా పిండి పదార్థం, తీపి అందితే ఇన్సులిన్ ఎగబాకి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి, గుండె, ఊపిరి కండరాలు పని చేయవు. ఆ కుర్రవాడిని నేను తిట్టలేదు. "ఏమీ పెట్టవద్దు" అని బోర్డు రాసి తగిలించడం నా పని, నేను చేయలేదు.

అప్పటి నుంచి మేం పాటిస్తున్న పద్ధతి ఇది. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా, సుమారు అరకిలో ఎండు లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డి, అంతకు మించి ఏమీ లేదు. నాలుగో రోజు నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, ఆరో రోజుకు విడతల మధ్య వ్యవధి ఎనిమిది గంటలు చేసి, పదో రోజు తర్వాతే తిన్నంత గడ్డి పెడతాం. దాణా జోలికి అప్పుడే వెళ్లం. మామూలు బరువుకు రావడానికి నెలలు పడుతుంది. ఈ పది రోజుల్లో రాత్రి రెండింటికి లేచి అరకిలో గడ్డి తూచి వేసే మనిషి కావాలి. సేవ చేయాలని నిజంగా ఉంటే, మా వంటివాళ్లకు అత్యవసరంగా కావాల్సిన సేవకులు వీళ్లే.

గుర్రం బరువు పెరుగుతోందో లేదో చూడటానికి ఒక టేపు కూడా కావాలి. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా ఉన్న పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 11,880తో భాగిస్తే దాదాపుగా కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 135 అయితే 256 కిలోలు. వారానికోసారి ఒకే మనిషి, ఒకే వేళకు కొలిచి పుస్తకంలో రాస్తే, కంటికి కనిపించని తేడా కాగితం మీద కనిపిస్తుంది. మందు మోతాదు కూడా దాన్నిబట్టే వేస్తాం.

ఆదివారం ఎందుకు వద్దన్నానంటే, ఆ రోజు అందరూ వస్తారు, బుధవారం ఎవరూ రారు. గుర్రం బుధవారం కూడా పదిహేను, ఇరవై కిలోల పేడ వేస్తుంది, పాతిక నుంచి యాభై లీటర్ల నీళ్లు తాగుతుంది. మొదటి రెండు నెలలు మీకు దొరికే పని పారతో పేడ ఎత్తడం, తొట్లు రుద్ది కడగడం, ఆ తర్వాత గిట్టలు శుభ్రం చేయడం. గిట్ట పని మాత్రం నేర్చుకుంటే ఎంతో సంతృప్తినిస్తుంది. గుర్రం పక్కన తోక వైపు ముఖం పెట్టి నిలబడి, భుజం మీద మొదలుపెట్టి అరచేతిని కిందికి జారుస్తూ మడమ దగ్గర మెల్లగా నొక్కితే, అలవాటైన గుర్రం కాలు ఎత్తి మీ చేతిలో పెడుతుంది. కొక్కెంతో మడమ నుంచి ముందుకు, ఎప్పుడూ ముందుకే, మట్టి తీయాలి. అడుగున వి ఆకారంలో ఉన్న మెత్తని భాగం పక్క సందుల్లో నల్లటి జిగట, కుళ్లు వాసన ఉంటే వెంటనే చెప్పాలి. గాజుపెంకు, మేకు గుచ్చుకుని ఉంటే మీరే పీకకండి. అది ఎంత లోతున, ఏ కోణంలో దిగిందో చూడకుండా వైద్యం చేయలేం.

సేవకులు తమ ఆరోగ్యం కూడా చూసుకోవాలి. ధనుర్వాతం, రేబిస్ టీకాలు వేయించుకోకుండా మేం ఎవరినీ లోపలికి రానివ్వం. అంతకంటే భయపడాల్సింది గ్లాండర్స్ అనే జబ్బు గురించి. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం కింద వరుసగా గడ్డలు దీని గుర్తులు. ఇది మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీయగలదు. పాజిటివ్ అని తేలిన గుర్రాన్ని చట్టప్రకారం కారుణ్య మరణానికి గురిచేయాల్సిందే. అనుమానం వస్తే రక్త నమూనాను పశుసంవర్ధక శాఖ ద్వారా హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపుతారు. కొత్తగా వచ్చిన ప్రతి గుర్రాన్నీ కనీసం మూడు వారాలు విడిగా, వేరే బకెట్లతో ఉంచని సంరక్షణశాలకు మీ తెల్ల గుర్రాన్ని ఇవ్వకండి. గేటు దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న, ఎన్ని గుర్రాలకు చోటుంది, ఎన్ని ఉన్నాయి అని. కాదనలేని మొహమాటంతో నిండిపోయిన సంరక్షణశాలలు చాలా ఉన్నాయి. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ దగ్గరి గ్రామానికి తరలించిన 57 గుర్రాల్లో కొన్ని వారాల్లోనే అనేకం చనిపోయాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ తప్పొప్పులు తేల్చడం నా పని కాదు గానీ, ఎండాకాలంలో దూర ప్రయాణం, కొత్త చోటు గుర్రానికి ఎంత భారమో ప్రతి దాతా తెలుసుకోవాలి.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీరు డబ్బు కట్టిన గుర్రాన్ని నిద్రపుచ్చాల్సి రావచ్చు. లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) ముదిరి, గిట్ట లోపలి ఎముక పట్టు తప్పి అరికాలును చీల్చుకుని బయటికి వచ్చిన ఒక రేసు గుర్రం విషయంలో నేను ఆ నిర్ణయం తీసుకున్నాను. దాని పేరిట ఎనిమిది నెలలుగా డబ్బు పంపిన దాత, "చంపడానికా మేం డబ్బు ఇచ్చింది?" అని అడిగి మాతో తెగతెంపులు చేసుకున్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది డొరొతీ బ్రూక్ అనే బ్రిటిష్ మహిళ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం కైరోలో అమ్మేసిన గుర్రాలు ముసలివై బరువులు లాగుతుండటం ఆమె 1930లో చూశారు. మరుసటి ఏడాది ఒక లండన్ పత్రికకు ఉత్తరం రాస్తే పాఠకులు విరాళాలు పంపారు. ఆ డబ్బుతో మూడేళ్లలో అయిదు వేల గుర్రాలను కొన్నారు, వాటిలో చాలావాటికి ఆమె ఇవ్వగలిగింది కొన్ని రోజుల విశ్రాంతి, కడుపునిండా మేత, నొప్పిలేని చావు మాత్రమే. 1934లో అక్కడే ఆస్పత్రి పెట్టారు, నేటి బ్రూక్ సంస్థకు మూలం అదే. ఆమె కొన్నారు కదా, మేం ఎందుకు కొనకూడదని మీరు అడగవచ్చు. ఆమె కొన్నవి మళ్లీ మళ్లీ సంతకు వచ్చే సరుకు కాదు, లెక్క తేలే పాత సైనిక గుర్రాలు. బరాత్ గుర్రాలకు ఆ ముగింపు లేదు.

డాలస్ స్నేహితుడి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఆయన ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. అప్పుడు ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు ఉన్న సంస్థకే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాకే పంపాలి. మీ ఖాతాలో వేయించుకుని మీ పేరు మీద ఇచ్చే దొడ్డిదారి వద్దు, సంస్థ మెడకు చుట్టుకుంటుంది. మీరు ఇచ్చేదానికి ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు కావాలంటే 2,000 దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకండి, కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ రాదు.

ఇక ఈ రాత్రికి చేయాల్సినవి. వెడల్పాటి తొట్టిలో శుభ్రమైన నీళ్లు పెట్టండి. అన్నం, చపాతీలు, బెల్లం, బిస్కెట్లు పెట్టవద్దని కాలనీ వాట్సాప్ బృందంలో చెప్పండి, ఆ పని చేసేవాళ్లు ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అడగండి. ముక్కు కారుతోందా, ఒంటి మీద గడ్డలున్నాయా దూరం నుంచే చూడండి, ఉంటే తాకకండి. అలాంటివేమీ లేకపోతే, గుర్రం నిమ్మళంగా నిలబడనిస్తే, ముందు రెండు గిట్టల మీదా చేయి పెట్టి ఏది వేడిగా ఉందో పోల్చండి. కుంటే కాలి గిట్టే వేడిగా ఉంటే లోపల చీము పట్టి ఉండవచ్చు, అది త్వరగా నయమయ్యే జబ్బు. రెండూ వేడిగా ఉండి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. గిట్టను పక్క నుంచి ఒకటి, వీలైతే అడుగు నుంచి ఒకటి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, రాత్రి పదకొండు దాకా చూస్తుంటాను.